మెరిసే రంగుతో ప్రోటీన్ల కొలత



మూత్ర పరీక్ష చేయించుకున్న వారి రిపోర్టును మీరు ఎప్పుడైనా చూసే ఉంటారు. అందులో 'అల్బుమిన్' అనే మాటకు ఎదురుగా 'నిల్' అనో, 'ట్రేస్' అనో, లేదా ఒక ప్లస్, రెండు ప్లస్‌లు అనో రాసి ఉంటుంది. 'నిల్' అని ఉంటే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ రోజు మన పాఠం ఆ ఒక్క మాట గురించే. 'నిల్' అంటే మూత్రంలో ప్రోటీన్ ఏమీ లేదని అర్థమా? లేక మనం చేసిన పరీక్షకు ఏమీ కనిపించలేదని అర్థమా? ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియాలంటే ప్రోటీన్లను ఎలా కొలుస్తారో తెలియాలి.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాం. మన రక్తంలోని ప్లాస్మాలో లీటరుకు సుమారు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్లు ఉంటాయి. వెన్నుపాము, మెదడు చుట్టూ ఉండే ద్రవంలో లీటరుకు సుమారు 150 నుంచి 450 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా విసర్జించే మూత్రం మొత్తంలో 150 మిల్లీగ్రాములకు మించి ఉండవు. ఎందుకంటే మూత్రపిండాలలోని సన్నని జల్లెడలు అల్బుమిన్ వంటి పెద్ద అణువులను రక్తంలోనే ఆపేస్తాయి. ఒకవేళ చిన్న ప్రోటీన్లు ఆ జల్లెడను దాటి వచ్చినా, తరువాత ఉండే వృక్క నాళికలు వాటిని తిరిగి పీల్చుకుంటాయి.

కాబట్టి ఒకే శరీరంలోని ద్రవాల మధ్య తేడా వందల రెట్లు ఉంది. బియ్యం బస్తా తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టి, ముల్లు కదలలేదు కనుక బరువు లేదని ఎవరైనా అంటే నవ్వుతాం కదా! రక్తానికి సరిపోయే పద్ధతితో మూత్రాన్ని కొలిస్తే జరిగేది అదే.

రంగు మారడాన్ని చూసే పద్ధతులు

ప్రోటీన్లు కంటికి కనిపించవు. అందువల్ల వాటితో కలిసినప్పుడు రంగు మారే పదార్థాన్ని వాడి, ఆ రంగును కొలవడం పాత పద్ధతి. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మీరు బైయూరెట్ పరీక్ష చేసి ఉంటారు. క్షార ద్రావణంలో రాగి లవణం కలిపితే, ప్రోటీన్‌లోని పెప్టైడ్ బంధాల వల్ల ఊదారంగు వస్తుంది. ఇది నమ్మకమైనదే కానీ, ప్రోటీన్ బాగా ఎక్కువగా ఉంటేనే పనికొస్తుంది. 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు దీనికంటే చాలా సున్నితమైన పద్ధతిని ప్రకటించారు. వైజ్ఞానిక పత్రాలలో అత్యధికంగా ఉదహరించబడిన వాటిలో అదొకటి. ఒక కొత్త సిద్ధాంతం కాదు, ఒక కొలిచే పద్ధతి అంతమందికి అవసరమైందని గమనించండి.

1976లో మేరియన్ బ్రాడ్‌ఫర్డ్ మరో సులువైన దారి చూపారు. ఆయన వాడిన కూమాసీ బ్రిలియంట్ బ్లూ అనే రంగు, నిజానికి ఉన్ని బట్టల అద్దకం కోసం పుట్టిన రంగుల కుటుంబానికి చెందినది. ఆమ్ల ద్రావణంలో అది ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. ప్రోటీన్‌కు అంటుకోగానే నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని 595 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఈ పరీక్ష చేస్తున్నాను. ప్రోటీన్ అసలు కలపని గొట్టాన్ని 'బ్లాంక్' అంటాం. అది గోధుమ రంగులోనే ఉండాలి. నాది మాత్రం నీలంగా మారింది. రంగు పాడైందనుకుని కొత్తది కలిపాను. మళ్లీ అదే! సాయంత్రం వరకు తంటాలు పడ్డాక మా మాస్టారు వచ్చి ఒక్క ప్రశ్న అడిగారు: "గొట్టాలు దేనితో కడిగావు?" సబ్బుపొడితో కడిగాను. శుభ్రంగా ఉండాలని కాస్త ఎక్కువే వేశాను. సరిగా తొలిచివేయకపోవడంతో గొట్టం గోడలకు పట్టి ఉన్న ఆ కాస్త సబ్బుపొడే కూమాసీ రంగును మార్చేసింది. ప్రోటీన్ లేనిచోట ప్రోటీన్ ఉన్నట్లు చూపింది.

ఆ రోజు నుంచి సబ్బుజాతి పదార్థాలంటే నాకు ఒక రకమైన భయం పట్టుకుంది. కొన్నేళ్ల తరువాత, అదే జాతి పదార్థాన్ని కావాలని కలిపి ప్రోటీన్లను ఇంకా బాగా కొలవవచ్చని తెలిసి ఆశ్చర్యపోయాను. అది ఎలా సాధ్యమో చెప్పడానికి ముందు మెరిసే రంగుల గురించి చెప్పాలి.

పసుపు చెప్పే పాఠం

కొన్ని పదార్థాలు ఒక రంగు కాంతిని పీల్చుకుని, వెంటనే మరో రంగు కాంతిని వెలువరిస్తాయి. పీల్చుకున్న దానికంటే వెలువరించిన కాంతి తరంగదైర్ఘ్యం సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. దీన్ని ప్రతిదీప్తి అంటారు, ఇంగ్లీషులో ఫ్లోరెసెన్స్. 1852లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ క్వినైన్ ద్రావణంపై సూర్యకాంతిలోని అతినీలలోహిత భాగం పడినప్పుడు అది నీలంగా వెలగడాన్ని వివరించి, ఈ పేరు పెట్టాడు.

మీరు ఇంట్లో చూడగలిగే ఉదాహరణ పసుపు. దుకాణాల్లో దొంగనోట్లు గుర్తించడానికి వాడే అతినీలలోహిత దీపం దొరికితే చాలు. ఒక గాజు గ్లాసులో నీళ్లు, ఇంకో గ్లాసులో చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ తీసుకోండి. రెండింటిలో చిటికెడు పసుపు వేసి కలపండి. చీకటి గదిలో దీపం వెలుగు వాటిపై పడేటట్లు చేయండి. నీళ్లలోని పసుపు మందకొడిగా ఉంటుంది. శానిటైజర్‌లోని పసుపు ఆకుపచ్చ కలిసిన పచ్చని వెలుగుతో మెరుస్తుంది. దీపం వైపు నేరుగా చూడకండి. శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి దగ్గరలో మంట ఉండకూడదు.

ఎందుకీ తేడా? పసుపులోని కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు. నీటి అణువుల మధ్య ఉన్నప్పుడు, అది పీల్చుకున్న శక్తి చాలావరకు వెలుగుగా కాకుండా వేడిగా పోతుంది. ఆల్కహాల్ వంటి పరిసరాల్లో ఆ శక్తిలో ఎక్కువ భాగం వెలుగుగా బయటికి వస్తుంది. అంటే అణువు అదే, దాని చుట్టూ ఉన్న పరిసరం మారింది. ప్రోటీన్లను కొలవడానికి వాడే నైల్ రెడ్, సైప్రో ఆరెంజ్, నానో ఆరెంజ్ వంటి రంగులు కూడా ఇలాంటివే. నీటిలో దాదాపు వెలగవు. నూనె వంటి పరిసరంలోకి వెళ్లగానే వెలుగుతాయి.

ప్రతిదీప్తి పద్ధతి ఎందుకు అంత సున్నితమైనది? రంగును కొలిచేటప్పుడు మనం పంపిన వెలుగులో ఎంత తగ్గిందో చూస్తాం. వెయ్యి దీపాలు వెలుగుతున్న మండపంలో ఒక దీపం ఆరిపోతే ఎవరు గుర్తిస్తారు? ప్రతిదీప్తిలో అలా కాదు. పంపిన కాంతిని ఫిల్టర్‌తో అడ్డుకుని, కొత్తగా పుట్టిన కాంతిని మాత్రమే చూస్తాం. అమావాస్య రాత్రి ఒక్క మిణుగురు పురుగు అయినా కనిపిస్తుంది కదా! అదే దీని బలం. నానో ఆరెంజ్ వంటి రంగుతో మిల్లీలీటరులో 10 నానోగ్రాముల ప్రోటీన్‌ను కూడా గుర్తించవచ్చు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

అందరికీ ఒకే చొక్కా

ఇక సబ్బుజాతి పదార్థాల సంగతి. వీటిని సర్ఫాక్టెంట్లు అంటారు. నీటి తలతన్యతను తగ్గిస్తాయి. వీటి అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటిని ఇష్టపడని తోక ఒకటి ఉంటాయి. మన పాఠంలో ముఖ్యమైనది సోడియం డోడెసైల్ సల్ఫేట్. క్లుప్తంగా ఎస్.డి.ఎస్. దీన్నే టూత్‌పేస్టు డబ్బాల మీద సోడియం లారిల్ సల్ఫేట్ అని రాస్తారు. దీని తోకలో 12 కార్బన్ పరమాణువులు ఉంటాయి.

ప్రోటీన్ ద్రావణంలో ఎస్.డి.ఎస్. కలిపి వేడి చేస్తే, ముడుచుకుని ఉన్న ప్రోటీన్ గొలుసు విప్పుకుంటుంది. ఎస్.డి.ఎస్. తోకలు ఆ గొలుసు పొడవునా అంటుకుంటాయి. చాలా ప్రోటీన్ల విషయంలో ఒక గ్రాము ప్రోటీన్‌కు సుమారు 1.4 గ్రాముల ఎస్.డి.ఎస్. అంటుకుంటుందని 1970లో రేనాల్డ్స్, టాన్‌ఫర్డ్ చూపించారు. లెక్క వేస్తే సుమారు రెండు అమైనో ఆమ్లాలకు ఒక ఎస్.డి.ఎస్. అణువు అన్నమాట.

దీనివల్ల లాభం ఏమిటి? కూమాసీ రంగు ముఖ్యంగా ఆర్జినైన్ వంటి కొన్ని అమైనో ఆమ్లాలకు అంటుకుంటుంది. అవి ఎక్కువగా ఉన్న ప్రోటీన్ ఎక్కువ నీలం ఇస్తుంది, తక్కువగా ఉన్నది తక్కువ ఇస్తుంది. ఒక గ్రాము అల్బుమిన్, ఒక గ్రాము గ్లోబులిన్ ఒకే అంకె చూపవు. కానీ ఎస్.డి.ఎస్. పూత వేస్తే ప్రోటీన్లన్నీ దాదాపు ఒకే రకమైన చొక్కా తొడుక్కున్నట్లు అవుతుంది. బడిలో అందరికీ యూనిఫాం ఉన్నట్లే. మెరిసే రంగు ఆ చొక్కాలోని నూనె వంటి పొరలోకి చేరి వెలుగుతుంది. ప్రోటీన్ ఎంత ఉంటే చొక్కా అంత, చొక్కా ఎంత ఉంటే వెలుగు అంత. మనం కొలిచేది నిజానికి ప్రోటీన్‌ను కాదు, దాని చొక్కాను! ఈ మాట గుర్తుంచుకోండి. ఈ పద్ధతి బలమూ, బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఒక లెక్క చేద్దాం

ముందు గాఢత తెలిసిన ప్రామాణిక ద్రావణాలు తయారు చేస్తాం. ఆవు రక్తం నుంచి తీసిన అల్బుమిన్‌ను ఇందుకు వాడతారు. దానికి రంగు, ఎస్.డి.ఎస్. కలిపి, వేడి చేసి, చల్లార్చి, వెలుగును కొలుస్తాం. ఉదాహరణకు మిల్లీలీటరుకు 0, 2, 4, 8 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉన్న గొట్టాలు 20, 120, 220, 420 అనే అంకెలు ఇచ్చాయనుకోండి. సున్నా ప్రోటీన్ దగ్గర కూడా 20 ఉంది. అది బ్లాంక్. దాన్ని తీసేస్తే ఒక్కో మైక్రోగ్రాముకు 50 చొప్పున పెరుగుతోంది.

ఇప్పుడు మూత్రాన్ని 50 రెట్లు పలుచన చేసి కొలిస్తే 220 వచ్చింది. అంటే మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు. 50తో గుణిస్తే 200 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 200 మిల్లీగ్రాములు. ఆ మనిషి రోజుకు ఒకటిన్నర లీటర్ల మూత్రం విసర్జిస్తే మొత్తం 300 మిల్లీగ్రాములు. ఉండాల్సిన హద్దుకు రెట్టింపు!

మరో నమూనా 30 చూపిందనుకోండి. బ్లాంక్ తీసేస్తే మిగిలేది 10. అంటే 0.2 మైక్రోగ్రాములు. బ్లాంక్ తీయడం మరచిపోతే 0.6 అని వస్తుంది. సరైన విలువకు మూడు రెట్లు! కొలిచేది చిన్నదయ్యే కొద్దీ చిన్న పొరపాటు పెద్దదవుతుంది.

మూడు జాగ్రత్తలు

మొదటిది, ఎస్.డి.ఎస్. మోతాదు. అది ఎక్కువైతే దాని అణువులు ప్రోటీన్‌తో పని లేకుండా తమలో తామే గుండ్రంగా గుంపులు కడతాయి. వీటిని మిసెల్‌లు అంటారు. వాటి లోపల కూడా నూనె వంటి పరిసరమే ఉంటుంది. రంగు అక్కడికి చేరి వెలుగుతుంది. అంటే మనిషి లేని చొక్కాలను కూడా లెక్కపెట్టినట్లు! శుద్ధమైన నీటిలో గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు సుమారు 2.3 గ్రాములు దాటితే ఎస్.డి.ఎస్. మిసెల్‌లు కడుతుంది. ఉప్పు ఉంటే ఈ హద్దు ఇంకా బాగా తగ్గిపోతుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది, అదీ మనిషికి మనిషికీ, పూటకు పూటకూ మారుతుంది. అందుకే నమూనాను బాగా పలుచన చేస్తారు, ఎస్.డి.ఎస్.ను హద్దుకు లోపలే ఉంచుతారు.

రెండవది, నమూనా సొంత వెలుగు. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం గాఢమైన పసుపు రంగులో రావడం మీరు గమనించే ఉంటారు. అందులోని రైబోఫ్లేవిన్ స్వయంగా ప్రతిదీప్తి గల పదార్థం. ఏ రంగూ కలపకుండా నమూనాను మాత్రమే ఒకసారి కొలిచి, ఆ అంకెను తీసేయాలి.

మూడవది, వెలుగును మింగేసే పదార్థాలు. నమూనాకు తెలిసిన మొత్తంలో, 2 మైక్రోగ్రాములనుకోండి, ప్రోటీన్ కలిపి చూడండి. మన లెక్క ప్రకారం వెలుగు 100 పెరగాలి. 80 మాత్రమే పెరిగితే అయిదవ వంతు ఎక్కడో పోతోందన్నమాట. నమూనా నిజం చెబుతోందో లేదో నమూనానే అడగడం ఇది.

ఏది కనిపించడం లేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మూత్రంలో ముంచే కాగితపు పట్టీ మీద ఉండేది ప్రోటీన్ తగలగానే పసుపు నుంచి ఆకుపచ్చకు మారే రంగు. అది ప్రధానంగా అల్బుమిన్‌కే స్పందిస్తుంది. చవక, క్షణాల్లో ఫలితం ఇస్తుంది, ఎంతోమందికి మేలు చేసింది. కానీ మధుమేహం ఉన్నవారిలో మూత్రపిండాలకు తొలి దెబ్బ తగిలినప్పుడు రోజుకు 30 నుంచి 300 మిల్లీగ్రాముల అల్బుమిన్ మాత్రమే పోతుంది. ఈ దశలో పట్టీ చాలాసార్లు 'నిల్' అనే చెబుతుంది. సరిగ్గా ఈ దశలోనే వైద్యం బాగా పనిచేస్తుంది. అందుకే మధుమేహం ఉన్నవారికి డాక్టర్లు అల్బుమిన్‌ను, క్రియాటినిన్‌ను కలిపి కొలిచే పరీక్ష విడిగా రాస్తారు.

దెబ్బ జల్లెడకు కాక నాళికలకు తగిలితే? అప్పుడు పోయేది ముఖ్యంగా చిన్న ప్రోటీన్లు. అల్బుమిన్ అణుభారం సుమారు 66,500. బీటా-2 మైక్రోగ్లోబులిన్ అణుభారం 12,000 లోపే. ఇటువంటి చిన్న ప్రోటీన్లను పట్టీ పట్టుకోలేదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. కొబ్బరి, జీడిమామిడి తోటల ప్రాంతం. అక్కడ ఎందరో రైతులు, కూలీలు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ తరహా వ్యాధిలో మూత్రంలో ప్రోటీన్ తరచుగా తక్కువగానే ఉంటుంది. అందువల్ల పట్టీ 'నిల్' అన్నంత మాత్రాన మూత్రపిండాలు బాగున్నాయని అనుకుంటే పొరపాటు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి.

ఎస్.డి.ఎస్., మెరిసే రంగుల పద్ధతి ఇక్కడ పూర్తి జవాబు అని నేను చెప్పడం లేదు. ఆసుపత్రులలో సాధారణంగా పైరోగాలోల్ రెడ్ వంటి రంగు పద్ధతులు, అల్బుమిన్ కోసం యాంటీబాడీల పద్ధతులు వాడతారు. మెరిసే రంగులు ఎక్కువగా పరిశోధనశాలల్లో, నమూనా చుక్కల్లో మాత్రమే దొరికేచోట వాడతారు. వీటికీ పరిమితులున్నాయి. చక్కెర గొలుసులు ఎక్కువగా ఉన్న ప్రోటీన్లకు ఎస్.డి.ఎస్. తక్కువగా అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే యూరోమాడ్యులిన్ అటువంటి ప్రోటీనే. పైగా మొత్తం ప్రోటీన్ ఎంతో తెలుస్తుంది కానీ ఏ ప్రోటీన్ ఎంతో తెలియదు. ఈ పద్ధతి నేర్పే అసలు సంగతి మరొకటి ఉంది. ప్రతి కొలతా ఒక కన్ను. ఆ కన్ను ఏది చూడగలదో, ఏది చూడలేదో తెలిసినవాడే ఆ అంకెను చదవగలడు.

దీనికి మన తెలుగువాడి ఉదాహరణతో ముగిస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో ప్రకటించిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి జీవరసాయన విద్యార్థులకు ఈనాటికీ పాఠమే. కండరాల సారాన్ని కొలిచినప్పుడు ఆ నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. నెమ్మదిగా వచ్చింది. ఏదో పొరపాటు జరిగిందని వాళ్లు ఆ గొట్టాన్ని పారబోయలేదు. ఎందుకు ఆలస్యమైందని అడిగారు. ఆ ప్రశ్నే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొనడానికి దారి తీసింది.

నా బ్లాంక్ నీలంగా మారిన రోజున మా మాస్టారు అడిగిన ప్రశ్న కూడా అలాంటిదే. కాబట్టి, ప్రయోగశాలలో మీ గొట్టం పుస్తకంలో చెప్పిన రంగు చూపనప్పుడు, పక్కవారి అంకె చూసి రాసుకోకండి. అది మీకు ఏదో చెప్పాలని చూస్తోంది, కాసేపు వినండి.

చివరగా ఆలోచించడానికి రెండు ప్రశ్నలు. ఒకటి: ఒక విద్యార్థి ఎస్.డి.ఎస్. ఎక్కువగా వేస్తే, బ్లాంక్‌కూ నమూనాకూ మధ్య తేడా ఏమవుతుంది? రెండు: నమూనాను పలుచన చేస్తే ఉప్పు తగ్గుతుంది, ప్రోటీన్ కూడా తగ్గుతుంది. అయినా ప్రతిదీప్తి పద్ధతిలో ఆ నష్టాన్ని మనం ఎందుకు భరించగలం? ఈ పాఠంలోనే జవాబులున్నాయి. వెతకండి.